మూడుసార్లు తట్టిన మస్తాన్ మామ

నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి హాకీ క్యాంప్‌లో మా ఫోన్లు తిరిగి ఇచ్చారు.

అమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్.

మస్తాన్ మామ ఇక లేడు.

టైప్ చేస్తున్నా, డిలీట్ చేస్తున్నా, మళ్లీ టైప్ చేస్తున్నా. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్లో మామ వడ్రంగి. మాకు చుట్టం కాదు. మా పక్కిల్లే ఆయన కొట్టు. పడవలు, తలుపులు, మంచాలు చేసేవాడు.

నా మొదటి హాకీ స్టిక్ కూడా ఆయనే చేశాడు.

నాకప్పుడు పన్నెండేళ్లు. ఎండాకాలం సెలవులు. స్కూల్లో ఉన్న నాలుగు స్టిక్స్ నా చేతికి రాకముందే బీరువాలో పెట్టి తాళం వేశారు. నేను ఏడుస్తుంటే పీఈటీ సార్ ఒక కాగితం మీద స్టిక్ బొమ్మ గీసిచ్చి పంపించారు. మామ తుమ్మ చెక్కతో చేసిచ్చాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

ఒకటే తప్పు. రెండు పక్కలా చదును చేసేశాడు.

హాకీ స్టిక్‌కి ఒక పక్కే చదును. వెనక గుండ్రంగా ఉంటుంది, దాంతో కొడితే ఫౌల్. కాగితం మీద బొమ్మకి వెనక ఎక్కడుంటుంది చెప్పండి? మామా హాకీ చూసినోడు కాదు, నేనూ చూసినదాన్ని కాదు. సెలవులన్నీ రెండు పక్కలతోనూ వాయించాను.

స్కూల్ తెరిచాక మొదటి మ్యాచ్. నేను బాల్ ముట్టుకుంటే చాలు, విజిల్. గ్రౌండ్ మొత్తం నవ్వు.

ఏడుస్తూ కొట్టుకి వెళ్లాను. మామ అంతా విని, నాకంటే గట్టిగా నవ్వాడు.

"ఒక పక్కతోనే కొట్టాల్నా? ఆ మాట ముందే చెప్పుండొచ్చు గదమే ఆ సారు!"

బాడిసె తీసి అప్పటికప్పుడే వెనక పక్క చెక్కేశాడు. కానీ అప్పటికే నా మణికట్టు ఎడమ వైపు బాల్‌ని కొట్టడం నేర్చేసుకుంది. నన్ను ఈ క్యాంప్ దాకా తెచ్చిన నా రివర్స్ హిట్, అంటే స్టిక్ తిప్పి ఎడమ పక్క నుంచి కొట్టే దెబ్బ, అట్లా వచ్చిందే.

పంట తీసి ఎండగట్టిన రొయ్యల గుంట మా టర్ఫ్. గట్టుకి ఆనించి మామ ఒక పాత పడవ చెక్క పాతాడు. అదే గోల్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏడేళ్లలో మామ నా ఆట ఒక్కసారి కూడా చూడలేదు.

రోజూ వచ్చేవాడు. గట్టు మీద కూర్చునేవాడు. గుంట వైపు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి.

వినేవాడు.

చెక్క కొనేముందు వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినడం ఆయనకు అలవాటు. లోపల పుచ్చు ఉంటే ఒకసారి తట్టి పక్కన పెట్టేస్తాడు. "బోలు" అంటాడు. బాగుంటే మూడుసార్లు తడతాడు. "గట్టి" అంటాడు. నా హిట్స్‌కీ అంతే. మాటలు తక్కువ మనిషి. పక్కనున్న చెక్క మీద ఒక తట్టు, లేదా మూడు.

ఒకరోజు ఉన్నట్టుండి లేచాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఇయాళ ఆడబాక మే. నీ ఎడం కాల్లో బోలు ఇనిపిస్తా ఉండాది."

నాకు నొప్పి లేదు. నవ్వేసి ఆడాను. మూడో రోజు కాలు వాచి ఎక్స్‌రే తీస్తే ఎముకలో సన్నటి చీలిక. డాక్టర్ గారు ఎవరు కనిపెట్టారని అడిగితే, వడ్రంగి అని చెప్పడానికి నాకే భయం వేసింది.

ఎనిమిది నెలల కింద ఈ క్యాంప్‌కి వచ్చాను. కొత్త కంపెనీ స్టిక్ ఇచ్చారు. అప్పటినుంచి నా రివర్స్ పోయింది. రేపు లీగ్ టీమ్ వాళ్ల సెలెక్షన్. "రివర్స్ జోలికి పోకు, సేఫ్‌గా ఆడు" అంటారు కోచ్ మేడమ్. అది లేకపోతే నేను వందమందిలో ఒకదాన్ని, అంతే.

రోజూ పొద్దున పావు తక్కువ ఏడుకి, ఫోన్ ఇచ్చేసే ముందు ఇరవై రివర్స్ హిట్స్ రికార్డ్ చేసి మామకి పంపేదాన్ని. మధ్యాహ్నానికి ఆయన వాయిస్ నోట్ ఉండేది. మాట ఉండదు. ఒక తట్టు.

ఎనిమిది నెలలు. ప్రతిరోజూ ఒకటే తట్టు.

నిన్న కూడా పంపాను.

అమ్మకి ఫోన్ చేశాను. తెల్లారుజామున నమాజ్ చేసి వచ్చి, అరుగు మీద కూర్చుని అట్లాగే ఒరిగిపోయాడంట. ఐదున్నర కూడా కాలేదంట. నాకు కబురు అందేలోపే మట్టి చేసేశారంట.

ఫోన్ పెట్టేశాక చూశాను. అమ్మ మిస్డ్ కాల్స్ కింద మామ వాయిస్ నోట్. తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకి వచ్చింది.

ప్లే చేశాను.

సముద్రపు గాలి. తర్వాత చెక్క మీద, నెమ్మదిగా,

ఒకటి.

రెండు.

మూడు.

మామ కొడుకు ఖాజా అన్నకి ఫోన్ చేశాను. "నాయన ఫోను నిన్న సాయంత్రం నుంచి కొట్లోనే ఉండాది మే. కొట్టు తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇంకా తియ్యలా" అన్నాడు.

సిగ్నల్ ప్రాబ్లమ్, పాత మెసేజ్ లేటుగా వచ్చుంటుంది అంటోంది నా రూమ్మేట్. మా ఊరి సిగ్నల్ సంగతి నాకు తెలుసు. అయ్యుండొచ్చు.

కానీ పాత వాటిల్లో మూడు తట్లున్నది ఒక్కటీ లేదు.

ఈ రోజు పొద్దున మళ్లీ ఇరవై కొట్టి పంపాను. ఎందుకో తెలియదు. చేతులు ఆగలేదు.

బ్లూ టిక్స్ పడ్డాయి.

ఖాజా అన్నని అడగలేదు. అడగాలంటే భయంగా ఉంది. అంతకంటే ఎక్కువగా ఏడుపొస్తోంది. పోయాక కూడా గుంట వైపు వీపు పెట్టి కూర్చుని నా కోసం వింటున్నాడేమో అని.

రేపు రివర్స్ కొడతాను మామా. మేడమ్ తిట్టినా సరే.

నువ్వు ఇంక చెవి ఆనించొద్దు. చాలా ఏళ్లు విన్నావు. రేపటినుంచి నేనే వింటాను.

హాయిగా పడుకో మామా.

నీ ఎస్తేరు.