నీలం తలుపు దాకా

మా భాషల మాస్టారు పోయారు. నేను రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటుకి వెళ్ళే డ్యూటీ బస్సులో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ముఐథర్‌లో కూతురింట్లో, పొద్దున టీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట.

ఇక్కడి ఎడారిలో గ్యాస్ ప్లాంట్లు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజుల్లో ఆయన మా కంపెనీలో అనువాదకుడు. ట్రైనింగ్‌కి నార్వే వెళ్ళాల్సినవాళ్ళకి శుక్రవారాలు అల్ ఖోర్‌లో తన ఇంట్లోనే నార్వే భాష చెప్పేవారు. చనువు ఇచ్చేవారు కాదు గానీ టీ మాత్రం ఇచ్చేవారు.

మొదటి పాఠం ఎప్పుడూ ఒక్క చిన్న మాటే: 'బ్యూ'. "నార్వేల, డెన్మార్క్‌ల గా మాటకు అర్థం పట్నం. పక్కనే స్వీడన్‌ల పల్లె. ఐస్‌లాండ్‌ల జర మారి, ఒక్క రైతు ఇల్లు గూడ అయితది. ఇంగ్లండ్‌ల ఊర్ల పేర్ల చివర తోక లెక్క మిగిలింది. ఎవలు యాడ నిలవడితే ఆడికి తగ్గట్టు పెంచుకున్నరు, తగ్గించుకున్నరు" అనేవారు.

"మరి మనకి సార్?" అని ఓసారి అడిగాను.

"మనకు ఊరే. హైదరాబాద్ అయినా ఊరే, పది ఇండ్లున్నా ఊరే" అని అటు తిరిగి బోర్డు తుడిచారు. ఆయన ఊరు ప్రాజెక్టు నీళ్ళ కింద మునిగిపోయిందనీ, అప్పుడాయన ఇక్కడే డ్యూటీలో ఉన్నారనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

దారి చెప్పే పాఠానికి పుస్తకంలో ఓస్లో వీధులుండేవి. ఆయన పుస్తకం మూయించి బోర్డు మీద తన ఊరు గీసేవారు. బస్సు దిగి ఎడమకి, టైలర్ కొట్టు దాటి కుడికి, బీడీల కార్ఖానా పక్క సందులో మూడో ఇల్లు, నీలం తలుపు. "ఈ దారి తెలిస్తే ఓస్లోల తప్పిపోరు" అనేవారు. ప్రతి బ్యాచ్‌కీ ఇదే. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

రేపు ఆయన్ని ఇండియా పంపిస్తారనగా పాత విద్యార్థులం ముఐథర్‌లో ఆయన కూతురింట్లో కలిశాం. పునరావాస కాలనీలో, ఆయన ఎన్నడూ ఉండని ఇంటి ముందు దింపుతారట.

"బాపు మా ఊరికే తీస్కపొమ్మన్నడు. ఏడికని తీస్కపోను అన్నా?" అంది వాళ్ళమ్మాయి.

అప్పుడు మా నేపాలీ టెక్నీషియన్ మెల్లగా నార్వే భాషలో ఆ దారి పాఠం మొదలుపెట్టాడు: బస్సు దిగి ఎడమకి. టైలర్ కొట్టు దగ్గర మలయాళీ ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. నేను సందులోకి తిప్పాను. ఆమెకి తెలుగులో చెబితే, "అది మా ఇల్లే" అని కళ్ళు తుడుచుకుంది. ఆయన మీద బెంగ నన్ను కమ్మేసింది.

నీలం తలుపు దగ్గర అందరం ఆగిపోయాం. పాఠం ఎప్పుడూ అక్కడే ఆపి, ఆయన టీ పెట్టడానికి లేచేవారు. మాకు తెలియకుండానే అందరం వంటింటి వైపు చూస్తూ కూర్చున్నాం.