ఖాళీ ఫోల్డరు నుంచి

మా చెల్లెలి కూతురు చిత్తూరులో పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. బిల్డ్ టూల్స్ మీద తెలుగులో ఒక పుస్తకం రాసి, ప్రూఫులు దిద్దమని తిరుపతిలో ఉన్న నాకు పంపింది. నేను ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. చేసి చూడకుండా టిక్కు పెట్టడం నాకు చేతకాదు.

ఒక ప్రోగ్రామును చాలా ఫైళ్లలో రాస్తారు. ఏది దేనితో తయారవుతుందో ఒక పట్టీ రాసిస్తే, ఆ వరుసలో అన్నిటినీ కూర్చి, నడిచే ప్రోగ్రాముగా చేసిపెట్టేదే బిల్డ్ టూల్. మారినవాటినే మళ్లీ చేస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టే వాడుకుంటుంది.

శనివారం పుస్తకం ప్రెస్సుకు పోవాలి. వచ్చే టర్ములో అరవైమంది పిల్లలు దాంతోనే చదవాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. ఇంగ్లీషు పుస్తకంలో ఒకచోట ఆగిపోతే తమకే బుర్ర లేదనుకుని చదువు మానుకుంటున్నారని ఆమె బాధ. అందుకే రెండేళ్లు కూర్చుని రాసింది.

బుధవారం పొద్దున తొమ్మిదీ పదికి నా కంప్యూటర్లో మొదలుపెట్టాను. పేజీ నంబరు, పట్టిన నిమిషాలు నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. మూడు అధ్యాయాలు సాఫీగా నడిచాయి. నలభై ఒకటో పేజీలో కంప్యూటరు ఒక ఫైలు పేరు చెప్పి, దాన్నెలా తయారుచేయాలో తనకు తెలియదంది. నా చేతి తప్పే అనుకున్నాను. మూడుసార్లు మొదటి నుంచి కొట్టాను. పెన్సిలు మొన పెట్టి అక్షరాలు లెక్కపెట్టాను. అయినా అదే మాట. డెబ్బై ఒకటో ఏట నాకివన్నీ ఎందుకని సిగ్గేసింది. చివరికి ఫోన్ చేశాను.

"నా దాంట్లో బాగా నడస్తా ఉండాది పెద్దమ్మా. నువ్వు యాడో చుక్క వదిలేసింటావు."

"చుక్కలు పదిహేడు. పుస్తకంలోనూ పదిహేడే. లెక్కపెట్టినా."

"నీతో పెట్టుకుంటే అంతే!" అని నవ్వింది. కానీ గొంతులో నవ్వు లేదు.

ఆ మధ్యాహ్నం పాలు కాచి చల్లార్చాక చూస్తే పెరుగు గిన్నె ఖాళీ. పక్కింట్లో అడిగి చెంచాడు పెరుగు తెచ్చి తోడు వేస్తుంటే తట్టింది. పెరుగెలా చేయాలని ఎవరైనా అడిగితే పాలు కాచి తోడు వెయ్యమంటాం. ఆ తోడు ఎక్కడిదో చెప్పం, ఇంట్లో నిన్నటిది ఉంటుంది కనుక. ఆమె కంప్యూటర్లోనూ నిన్నటిదేదో మిగిలి ఉండాలి.

శుక్రవారం ఆమె బస్సెక్కి తన లాప్‌టాప్‌తో వచ్చింది.

"ముందు నీ ఫోల్డరు ఖాళీ చెయ్యి," అన్నాను.

"రెండేళ్ల కష్టం పెద్దమ్మా!"

"కాపీ ఇంకోచోట పెట్టుకొని చెయ్యే. నేనేమన్నా తగలబెట్టమన్నానా?"

చేసింది. నాకొచ్చిన తప్పే, అదే వరుసలో, ఆమెకూ వచ్చింది. తర్వాత పాత ప్రతులు వెతికి కారణం పట్టుకుంది. పుస్తకం పెద్దదవుతోందని నాలుగో అధ్యాయం కుదించినప్పుడు, ఆ ఫైలును తయారుచేసే నాలుగు వరుసలు కొట్టేసింది. అప్పటికే తయారైన ఫైలు ఆమె దగ్గరే ఉండిపోయింది. టూలు దాన్ని వాడుకుంటూ అన్నీ బాగున్నట్టే పనిచేసింది.

"అరవైమందికీ ఇదే వచ్చుండు," అంది. "వాళ్ల తప్పే అనుకునుందురు."

"నేనూ అట్లే అనుకున్నా కదా."

నాలుగు వరుసలూ మళ్లీ పెట్టి, నా కంప్యూటర్లో ఖాళీ ఫోల్డరు నుంచి నడిపాం. పన్నెండు సెకన్లలో అయిపోయింది. ఇద్దరం ఒకేసారి కుర్చీల్లో వెనక్కి వాలాం. ఆ తర్వాత తొమ్మిది అధ్యాయాలూ, ఒక్కోదానికి ఫోల్డరు ఖాళీ చేస్తూ, మొదటి నుంచి చేశాం. ఇంకో రెండు తప్పులు దొరికాయి. సాయంత్రం అయిదూ ఇరవైకి ఆఖరి పేజీ ముగిసింది.

ఇలాంటి పుస్తకం మంచిదో కాదో చూడటానికి నాకిప్పుడు ఒకటే పరీక్ష. రాసినవాళ్ల దగ్గర ఉన్నదేదీ చదివేవాళ్ల దగ్గర లేదనుకుని రాసిందా? ఏ వెర్షను మీద, ఏ నెలలో చేసి చూశారో మొదటి పేజీలో ఉండాలి. ఎక్కడ ఆగిపోతామో కూడా చెప్పాలి. ఆ చివరిదాని దగ్గరే మాకు పేచీ వచ్చింది. నలభై ఒకటో పేజీ తప్పును దాచకుండా పుస్తకంలోనే పెట్టమన్నాను.

"టీచరమ్మకే రాలేదంటారు పెద్దమ్మా. నా పరువేం గావాల?"

"టీచరమ్మకే ఆ తప్పు వచ్చిందంటే వాళ్లు పుస్తకం మూయరు."

కాసేపు గోరు కొరుక్కుంది. తర్వాత లాప్‌టాప్ దగ్గరకు లాక్కుని, ఆ తప్పును అక్షరం మారకుండా దించి, కింద ఒక మాట రాసింది: "ఇది నాకూ వచ్చింది. మీ టైపింగును అనుమానించే ముందు, ఈ ఫైలును తయారుచేసే వరుస పట్టీలో ఉందో లేదో చూడండి."

శనివారం పుస్తకం ప్రెస్సుకు పోయింది. నేను ఆ మధ్యాహ్నం రెండు గంటలు హాయిగా నిద్రపోయాను.