ఫిరంగిలో వలిసెలు

కొండమీది పాత కోటకి సుక్రు కాపలాదారు. ఆ ఉద్యోగం అతనికి ఎవరూ ఇవ్వలేదు. కోటగోడ పక్కనే అతని గుడిసె. సాలూరు నుంచి ఎవరైనా కోట చూడ్డానికి వస్తే ముందు నడిచేది అతనే. ఎవరు కట్టించారని అడిగితే, అడిగినవాళ్ల మొహం చూసి రాజుని మార్చేవాడు. ఈ ఏడు మాత్రం ఒక్క మాట మార్చేవాడు కాదు: "బురుజు మీది ఫిరంగిలో ఇంకా మందుంది బాబూ, సెయ్యెట్టకండి."

నిరుడు అటకమీది విత్తనమంతా ఎలకలు తినేశాయి. అందుకని ఈ ఏడు వలిసె విత్తనాన్ని ఆ ఇనప గొట్టంలో పోసి, మూతికి చెక్క బిగించి మట్టి మెత్తాడు. వాన తెరిపి ఇస్తే చల్లాలి. ఇదీ పోతే ఏడాదంతా నూనె లేదు, సంత లేదు.

1926 శ్రావణంలో విజయనగరం నుంచి సైన్సు మాస్టారు సర్వేశ్వరరావు, భార్య రత్నాలునీ నెలల పిల్లాణ్ణీ తీసుకుని వచ్చాడు. కొండెక్కుతున్నంతసేపూ పిల్లాడి నుదురు తడిమి చూడ్డమే ఆయన పని. చేతిలో మరచెంబు నిండా కాచి చల్లార్చిన నీళ్లు. బురుజెక్కగానే సుక్రు తన మాట తను చెప్పాడు.

మాస్టారు అక్కడే ఆగిపోయాడు. ఆకాశంకేసి ఎత్తిన ఫిరంగి మూతి దగ్గర మట్టి బీటలిచ్చి, పోసినప్పుడు ఒలికిన నల్లటి గింజలు అంటుకుని ఉన్నాయి.

"ఏమే, బాబుని తీసుకుని గోడ వెనక్కి వెళ్లు. మందు తడిస్తే పేలదు," అంటూ చెక్క పీకి మరచెంబు వంచాడు.

వద్దంటే అబద్ధం బయటపడుతుంది. ఊరుకుంటే విత్తనం కుళ్లిపోతుంది. సుక్రు చెంబు పక్కకి నెట్టి, గుప్పెడు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు.

"ఉమ్మెయ్ సుక్రూ, అందులో గంధకం ఉంటుంది."

"కమ్మగున్నాది బాబూ."

రత్నాలు వచ్చి నాలుగు గింజలు నలిపి వాసన చూసింది. "వలిసెలండీ. మా పుట్టింట్లో ఈ నూనెతోనే వంట."

"మరి మందని ఎందుకు చెప్పావోయ్?"

"ఎలకలకి సెప్తే ఇనవు కదా బాబూ. మడుసులకి సెప్పినాను."

తడిసిన గింజల్ని మాస్టారి కండువా మీద ఆరబోశారు. పిల్లాడు పాక్కుంటూ వచ్చి రెండు గింజలు నోట్లో పెట్టుకున్నాడు. మాస్టారు ఎగిరి లేచాడు.

"నాను గుప్పెడు తిన్నాను. ఏటయినాది?" అన్నాడు సుక్రు.

మాస్టారు సుక్రు నుదురు తడిమి చూసి, మళ్లీ కూర్చున్నాడు.

గింజలు ఆరాక ఆయనే సలహా ఇచ్చాడు. "ఇకమీదట పాముందని చెప్పు."

"పామంటే కర్రెట్టి పొడుత్తారు. అమ్మోరుందని సెప్తాను."

"అలాగైతే నేనే పసుపునీళ్లు పోస్తాను," అంది రత్నాలు.

సుక్రు ఆకాశంకేసి చూశాడు. ఎండ బాగానే కాస్తోంది. విత్తనం మూటగట్టుకుని అప్పుడే పొలానికి దిగిపోయాడు.

మరుసటేడు మళ్లీ విత్తనం ఫిరంగిలోనే పోశాడు. కోట చూడ్డానికి వచ్చినవాళ్లకి మాత్రం, "ఇందులో ఏటీ లేదు బాబూ, ఒట్టు," అని అడక్కుండానే చెప్పేవాడు. అంత గట్టిగా లేదంటుంటే ఎవరికీ చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.