రసం పారిన మేసై

నాకు మాట్లాడటం వచ్చు గానీ తెలుగు రాయడం రాదు. నేను చెప్తాను, నువ్వు రాయవే మనవరాలా. మధ్యలో నవ్వకు, అక్షరాలు వంకరపోతాయి.

మన హాల్లో సగం ఆక్రమించిన ఆ పెద్ద బల్ల మీ తాత బట్టల కొట్లోది. ఈ తమిళ ఊళ్లో బల్లని మేసై అంటారు, మన ఇంట్లోనూ అంతే. ఆయన దాని మీద గుడ్డ పరిచి గజాల లెక్కన కొలిచేవాడు. కొట్టు మూసేశాక ఇంటికి తెచ్చుకున్నాం. అప్పట్నుంచి దాని మీద ఇస్త్రీ బట్టలు, వడియాలు, మీ నాన్న హెల్మెట్ ఉంటున్నాయి. అన్నం మాత్రం ఏనాడూ పెట్టలేదు. మనకి నేల మీద ఆకు వేసుకుని కూర్చుంటేనే తిన్నట్టు ఉంటుంది.

మీ అమ్మ దాన్ని వదిలించుకోవాలనుకుంది. పాత సామాను కొనే ఆయన్ని ఆదివారం రమ్మంది. ఆయనకి నచ్చితే మేసై పోయినట్టే.

"ఎవురూ అన్నం తినని మేసై మనకేంటికత్తా? సోఫా వేసుకుందాం."

"సోఫా మింద వడియాలు పోస్తావా?"

"మిద్దె ఉండాది కదా."

నేను మేసై మీది వడియాలని ఇంకొంచెం ఎడంగా పరిచాను.

ఆ వారంలోనే నీకు లాటిన్ పరీక్ష. లాస్‌పేటలో ఒక రిటైరైన సారు దగ్గర నేర్చుకుంటున్నావు. సాయంత్రం ఆ మేసై దగ్గరే కూర్చుని మెన్సా, మెన్సమ్, మెన్సారుమ్ అని ఊగుతూ వల్లె వేస్తున్నావు.

"ఏందే అది, మంత్రమా?" అన్నాను.

"మన మేసైనే అవ్వా. లాటిన్‌లో బల్లంటే మెన్సా. బల్లని తుడువు అనేటప్పుడు 'బల్లని' అంటే మెన్సమ్. బల్లల కాళ్లు అనేటప్పుడు 'బల్లల' అంటే మెన్సారుమ్. పోర్చుగీసు వాళ్లు దాన్ని మేసా అన్నారు. వాళ్ల ఓడల్లో వచ్చి తమిళంలో మేసై అయింది."

కొలవడం అనే మాటలోంచి పుట్టిందని కొందరంటారని కూడా చెప్పావు. నాకు మీ తాత గజంబద్ద కళ్ల ముందు మెదిలింది. తర్వాత పుస్తకం తిప్పి, "భోజనానికి కూడా మెన్సా అనేవాళ్లంట" అన్నావు.

నేను వెంటనే మీ అమ్మని కేకేశాను. "ఇంటివా? బల్లన్నా భోజనమన్నా ఒకటేనంట. ఆదివారం అందురం దీని మిందే తింటాం."

"లాటినోళ్లు తింటారేమో. మీరు కుర్చీలో యాడ కూర్చుంటారత్తా?"

కూర్చున్నాను. కుర్చీ మీద కూడా కాళ్లు మడిచే కూర్చున్నాను. మోకాళ్లు బల్లకి తగిలి చేతికి ఆకు అందలేదు. సాంబారు దాకా మర్యాదగానే జరిగింది. రసం పోయగానే అది ఆకు దాటి, చెక్క మీదుగా మీ నాన్న వైపు బయలుదేరింది. అప్పుడు గుర్తొచ్చింది, దానికి ఒక కాలు పొట్టి. కొట్లో ఆ కాలి కింద రాయి ఉండేది. మేసైని తెచ్చాం గానీ రాయిని తేలేదు.

సరిగ్గా అప్పుడే సామాను ఆయన వచ్చాడు, తెల్లటి పంచెలో. భోజనాల వేళకి వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడటం మన ఇంట్లో లేదు. "ముందు తినండి, బేరం పొయ్యేది యాడికి" అన్నాను. ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీ మీ నాన్న పక్కన, పల్లం మూలది. నలుగురి రసం ఆయన ఒళ్లోకే చేరింది. పాపం, అరచేతులతో గట్టు కట్టాడు, ఆగలేదు.

పాయసం రెండోసారి పోయించుకుని, తడిసిన పంచెతోనే మేసై చుట్టూ తిరిగి చూశాడు.

"చెక్క మంచిదే పెద్దమ్మా. కాలు సరిచేస్తే నిలబడతాది. అయితే దీన్ని మా ఇంటికి తీసకపోతే నా పెండ్లాం దీన్ని చూసినప్పుడల్లా ఈ పంచె సంగతి అడగతానే ఉంటాది. నాకొద్దు."

ఆయన వెళ్లాక మీ అమ్మ మేసై మీది రసం తుడిచింది. తర్వాత ఒక కొబ్బరి చిప్ప తెచ్చి పొట్టి కాలి కింద దోపి, చేత్తో ఊపి చూసింది.

"రాత్రికి చపాతీ చేస్తా," అంది. "అదైతే పారదు."