రాకెట్టు మీద నాన్న వేసిన రంగు

నాన్న చెయ్యి వణకడం మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. టీ ఒలికితే వయసు కదా అనుకున్నాం. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోందని అమ్మ చెప్పాక విజయవాడ తీసుకెళ్ళి చూపించాం. మందులు వాడితే ముదరకుండా ఉంటుందని, పూర్తిగా మాత్రం తగ్గదని డాక్టరు గారు చెప్పారు. ఆయన నెమ్మదిగానే చెప్పారు. నాకే ఎందుకో ఆయన మీద కోపం వచ్చింది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, అసలు మనిషి మీద చూపించలేనప్పుడు పక్కవాళ్ళ మీద పడుతుంది.

మాది బందరు పక్కన చిలకలపూడి. ఇంటింటా గిల్టు నగల పని జరిగే ఊరు. నాన్న జీవితమంతా కుంచె పట్టి బతికారు. హారాల మీద ఉండే నెమళ్ళకీ పూరేకులకీ ఎరుపూ ఆకుపచ్చా నింపి, ఆ రంగు పోకుండా పైన లక్కరు పూత పూయడం ఆయన పని. వరిగింజంత నెమలి కన్నులో కూడా రంగు గీత దాటేది కాదు. పైన పటారం లోన లొటారం అని గిల్టు గురించి ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "లోపల ఏముందో నాకనవసరం. పైన నా చెయ్యి పడితే పోదు" అనేవారు. పాలిష్ పోయిన నగ వేసుకుని మా ఇంటి ఆడవాళ్ళు గడప దాటడానికి వీల్లేదు. అది మా వీధి వీధంతటికీ నామోషీ.

చెయ్యి వణికాక కొన్ని హారాలు పాడయ్యాయి. ఇప్పుడు ఆ పని నడిపే అన్నయ్య చెడ్డవాడేం కాదు. చాలాకాలం ఊరుకుని, చివరికి ఓరోజు, మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి నాన్నా అన్నాడట. ఆ పూటే నాన్న లేచి వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నారు. మళ్ళీ పని గదిలోకి వెళ్ళలేదు. ఇంటి నిండా మనుషులున్నారు, కోడలు వేళకు అన్నీ అందిస్తుంది, మనవలు చుట్టూ తిరుగుతుంటారు. అయినా ఆయన మాట్లాడడం తగ్గించేశారు. టీ తాగేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవారు. ఇలాగే ఉంటే మనిషి దక్కడు అని అమ్మ ఫోన్లో ఏడ్చింది.

నేను గుడివాడలో ఉంటాను. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. షుగరు వచ్చిందని తెలిశాక, నడక నా వల్ల కాక షటిల్ మొదలుపెట్టాను. పొద్దున్నే ఇండోర్ కోర్టులో నలుగురైదుగురం ఆడతాం. ఓ ఆదివారం ఆట అవగానే, ఇంటికి కూడా వెళ్ళకుండా, రాకెట్టు సంచీతోనే బందరు పాసింజరు ఎక్కాను. అమ్మ ఏడుపు చెవిలోంచి పోలేదు మరి.

చిలకలపూడిలో దిగి ఇంటికెళ్ళి, రాకెట్టు వరండాలో గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అది నాన్న ఒళ్ళో ఉంది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, గట్టింగు దారాలను దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. కొత్తలో ఆ దారాల మీద కంపెనీ గుర్తు ఎర్రగా, పెద్దగా ఉండేది. షటిల్ కాక్ తగిలి తగిలి నడిమధ్య పూర్తిగా వెలిసిపోయి, అంచుల్లో మాత్రం కాస్త మిగిలింది. ఆడేవాళ్ళందరి రాకెట్లూ అంతే. ఎవరూ దాని గురించి ఆలోచించరు.

"ఎవడు వేశాడమ్మా ఈ రంగు?" అన్నారు నాన్న.

కంపెనీవాళ్ళే వేస్తారని, అది వాళ్ళ ప్రచారం కోసమని, పోయినా ఆటకు నష్టమేమీ లేదని చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. ఇంత వెలిసిపోయినదాన్ని పట్టుకుని నలుగురిలోకి ఎలా వెళ్తున్నావు అన్నారు. ఇదేమన్నా నెక్లెసా నాన్నా అని విసుక్కోబోయాను. గుమ్మంలో నిలబడి అమ్మ నా వంక చూసింది. ఆయన ఓ వస్తువుని చేతిలోకి తీసుకుని అడగడం ఎన్ని నెలల తర్వాతో ఆ చూపు చెప్పింది. 

"నేను వేసిస్తాను ఉండు" అన్నారు.

నాకు భయం వేసింది. వణికే చేత్తో వేసి, అది అలుక్కుపోతే ఆ మనిషి ఇంకెంత ముడుచుకుపోతారోనని. కానీ ఆయన ఆలోచన వేరు. బీరువా మీద నుంచి పాత ఎక్స్‌రే ఫిల్ము తీయించారు. అంచుల్లో మిగిలిన రంగుని బట్టి గుర్తు ఆకారం ఎంతుండాలో గీయించి, అన్నయ్య చేత ఆ గీత మేర కంత కోయించారు. రాకెట్టుని అమ్మ గట్టిగా పట్టుకుంది. ఫిల్ముని దారాల మీద ఆనించి, ఆ కంతలోంచి స్పాంజి ముక్కతో రంగు అద్దారు. అంచు ఉంది కాబట్టి చెయ్యి ఎంత వణికినా రంగు దాటలేదు. ఫిల్ము తీసేసరికి ఎర్రటి గుర్తు నీటుగా దిగింది. నాన్న మొహం చాటంత అయ్యింది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అందరితో కలిసి కూర్చుని అన్నం తిన్నారు. నేను ఏడవకుండా ఉండడానికి ఆవకాయ కారంగా ఉందని వదినతో పేచీ పెట్టుకున్నాను.

కోర్టులో అందరూ నవ్వారు. మేడం గారి రాకెట్టు పుట్టింటికి వెళ్ళి కొత్త చీర కట్టుకొచ్చిందన్నారు. నాతో జోడీగా ఆడే రిటైరైన బ్యాంకు బాబాయ్ గారైతే, సారె ఏం పెట్టారమ్మా అని అడిగారు. ఆ రంగు మూడు వారాలు కూడా నిలవలేదు. మళ్ళీ పట్టుకెళ్ళాను.

నాన్న చిన్నబుచ్చుకున్నారు. తన చేతి పూత ఇంత త్వరగా వెనక్కి రావడం ఆయనకు కొత్త. దెబ్బ మీద దెబ్బ తగిలే చోట ఏ రంగూ నిలవదని నేను ఎంత చెప్పినా వినలేదు. దారాలు తుడవడంలోనే తేడా ఉందన్నారు, రంగు పల్చనైందన్నారు, ఏదేదో మార్చి మళ్ళీ వేశారు. అదీ పోయింది. మళ్ళీ వెళ్ళాను. అంతకుముందు నేను పుట్టింటికి వెళ్ళడమంటే ఏ పండగకో పబ్బానికో, లేకపోతే ఎవరికైనా జ్వరం వస్తేనో. ఇప్పుడు ఒక ఆదివారం కాకపోతే ఇంకో ఆదివారం పాసింజరులో ఉంటున్నాను. దారిలో పెడన దాటగానే అమ్మకి ఫోన్ చేస్తే, మీ నాన్న అప్పుడే కిటికీ దగ్గర బల్ల వేయించుకున్నారే అనేది.

ఇలా కొన్నిసార్లు అయ్యాక ఆయనకు పంతం వచ్చింది. పని గదిలోకి తనే వెళ్ళి అన్నయ్యని అడిగి లక్కరు తెచ్చుకున్నారట. ఆ గదిలో అడుగుపెట్టడమే గొప్ప అని అన్నయ్య నోరెత్తకుండా ఇచ్చాడు. ఈసారి రంగు మీద ఆ లక్కరుని, ఆరనిచ్చి ఆరనిచ్చి, వరసలు వరసలుగా పూసి, గాజులా మెరిపించి నా చేతికిచ్చారు. నెక్లెసుకు చేసే మర్యాదంతా దానికి చేశారు. ఇక పోదు చూసుకో అన్నారు.

నిజంగానే పోలేదు. కానీ ఆటకి మొదటికే మోసం వచ్చింది. దారాలు ఒకదానికొకటి అతుక్కుని కర్రల్లా బిగుసుకుపోయాయి. కాక్ తగిలితే ఖంగుమనాల్సింది చెక్క మీద పడ్డట్టు మోగేది. నేను కొడితే నెట్టు దాటడమే గగనమైంది. ఆ గట్టింగు కోయించి పడెయ్యమ్మా, నీతో పాటు నేనూ ఓడిపోతున్నాను అని బాబాయ్ గారు మొత్తుకున్నారు. నేను కోయించలేదు. ఓడితే ఓడాం, మనమేమన్నా కప్పులు తెస్తున్నామా అని ఆయన మీదే ఎగిరాను.

నాన్న రోజూ ఫోన్ చేసేవారు. రంగు ఎలా ఉందని తప్ప ఇంకేమీ అడిగేవారు కాదు. చెక్కుచెదరలేదు నాన్నా అంటే ఆ సంతోషం ఫోన్లోంచే తెలిసేది. వీధిలో అందరికీ చెప్పుకున్నారని అమ్మ చెప్పింది. రంగు పోలేదు కాబట్టి ఆ ఆదివారం నాకు వెళ్ళే పని లేకపోయింది. తర్వాతి ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉండిపోయాను. ఆ పై వారం చుట్టాలొచ్చారు. నాన్న ఫోన్లు కూడా తగ్గాయి. రంగు నిలిచింది కదా, ఆయన మనసు కుదుటపడిందనుకున్నాను.

ఓ పొద్దున కాక్‌ని బలంగా కొడితే దారం ఫట్టున తెగింది. ఆదివారం అలాగే పట్టుకుని వెళ్ళాను. నాన్న వరండాలో కుర్చీలో ఉన్నారు. గోడవైపు తిరిగి టీ తాగుతున్నారు. 

రాకెట్టు ఇచ్చాను. తెగిన కొసలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తీగ తెగింది గానీ రంగు పోలేదు అన్నారు. అన్నయ్య పని గదిలోంచి వచ్చి పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వింది, వదిన నవ్వింది. నవ్వులు అయ్యాక, తెగింది నా లక్కరు వల్లేనా అని నాన్న నన్నే అడిగారు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అవును నాన్నా, బిగుసుకుపోయి తెగింది అన్నాను. ఆయన రాకెట్టుని అన్నయ్య చేతికిచ్చారు.

అన్నయ్య బందరు బజారుకు తీసుకెళ్ళి సాయంత్రానికి కొత్త గట్టింగు వేయించుకొచ్చాడు. తెల్లటి దారాలు, వాటి మీద ఏ గుర్తూ లేదు. ఎవరూ అడగకుండానే నాన్న కిటికీ దగ్గరకు వెళ్ళి కూర్చున్నారు. ఈసారి రాకెట్టు నేను పట్టుకున్నాను. ఆయన రంగులో ఏదో కలుపుతున్నారు, కలిపేకొద్దీ అది నీళ్ళలా పల్చబడుతోంది. అంత పల్చగా అయితే నిలవదు నాన్నా అన్నాను, ఆయనకు తెలియని సంగతిలాగా.

నాన్న తలెత్తలేదు. ఫిల్ముని దారాల మీద సర్ది, వణికే చేత్తో స్పాంజిని రంగులో ముంచారు.

"తొందరగా పోయేట్టే వేస్తున్నానమ్మా. పోకపోతే నువ్వు రావడం లేదు" అన్నారు.