ఆరు నెలల పదకొండు రోజుల తేడా

1986 జులై 14, సోమవారం ఉదయం పదిన్నరకు విజయవాడ రవాణా ఆఫీసు మెట్ల మీద మా అమ్మాయి చేతికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. నూజివీడు నుంచి మమ్మల్ని తీసుకువచ్చిన కూలి డ్రైవరు, "ఇంక నాతో పనేముందండీ, ఇంట్లోనే డ్రైవరు తయారైంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మావారిని వారానికి రెండుసార్లు వైద్యానికి తీసుకువెళ్ళే దారి దొరికిందనుకున్నాను.

ఏప్రిల్ 3న మావారికి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు. కాలు ఈడ్చినా నడవగలిగేవారు. కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. మంగళ, శుక్రవారాల్లో విజయవాడ వచ్చి చేతికి కరెంటు పెట్టించుకోవాలని, చెయ్యి ఆడించే వ్యాయామం చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. "మొదటి ఆరేడు నెలల్లో ఎంత వస్తే అంతేనమ్మా. తర్వాత వచ్చేది తక్కువ" అని నాతో విడిగా అన్నారు. ఒకసారి బస్సులో తీసుకువెళ్ళాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారేటప్పుడు ఆయన మెట్టు మీద జారి పడ్డారు. ఇక బస్సు ఎక్కనన్నారు. టాక్సీకి రానూ పోనూ నూట యాభై. బడి పంతులమ్మ జీతంలో అది సాగేది కాదు. ఇంట్లో కారుంది. ఒక మామిడి వ్యాపారి దగ్గర మావారు నా పేరున కొన్న పాత అంబాసిడర్. కూలి డ్రైవరు శుక్రవారాలు వస్తాడు, మంగళవారాలు లారీ మీద పోతాడు. అందుకే అమ్మాయికి డ్రైవింగ్ నేర్పించాం.

కారు ఇన్సూరెన్సు ఆ నెలాఖరుకు అయిపోతుంది. రెండుచోట్ల అడిగాను. కారుకు దెబ్బ తగిలినా డబ్బిచ్చే పాలసీ తొమ్మిది వందల పన్నెండు అన్నారు. నడిపేది కొత్త లైసెన్సు పిల్ల కాబట్టి ఏం జరిగినా మొదటి ఐదు వందలూ మేమే భరించాలట. 20వ తేదీ ఆదివారం ఇంకో ఏజెంటు స్కూటరు మీద ఇంటికే వచ్చాడు. చిన్నప్పుడు నా దగ్గర చదివినవాడు.

"తొమ్మిది వందలెందుకు టీచరుగారూ, ఈ కారుకి కొత్తగా పడే సొట్ట ఎక్కడుందండీ? యాక్ట్ పాలసీ తీసుకోండి, నూట అరవై నాలుగుతో అయిపోతుంది. మీ కారు ఎవరికన్నా తగిలితే వాళ్ళకి కంపెనీ ఇస్తుంది. మీ కారు సంగతి మీరు చూసుకోవాలి."

సరే అన్నాను. ఫారం ముందు పెట్టాడు. పేరు, ఊరు, బండి నంబరు రాశాను. "నడిపేవారి వయసు" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

మా అమ్మాయి పుట్టింది 1968 డిసెంబరు 12న. బడి రిజిస్టరులో ఉన్నది 1968 జూన్ 1. రాసింది నేనే. 1973లో ఒకటో తరగతిలో చేర్చాలంటే ఐదేళ్ళు నిండాలి, దానికి నాలుగున్నరే. ఇంట్లో చూసుకునే మనిషి లేదు, నేను బడికి వెళ్ళక తప్పదు. మా బడిలో పిల్లల్ని చేర్చుకునే పని నాదే. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, దాని నుంచి లైసెన్సులోకి ఎక్కింది. లైసెన్సు దరఖాస్తుకు ఆ సర్టిఫికెట్ జతచేసిన రోజున కూడా నాకు తప్పుగా తోచలేదు. పదమూడేళ్ళుగా ఆ తేదీకి అలవాటు పడిపోయాను.

"ఏమయ్యా, సర్టిఫికెట్ తేదీ ఒకటి, అసలు తేదీ ఒకటి అయితే?" అని అడిగాను.

పకపకా నవ్వాడు. "నా పుట్టినరోజు కూడా మీరే వేశారు కదండీ. మా క్లాసులో పదకొండు మందిమి జూన్ ఒకటినే పుట్టాం. మా అమ్మనడిగితే, నువ్వు పుట్టినప్పుడు తోటలన్నీ పూత మీదున్నాయిరా అంటుంది. ఎవరు చూస్తారండీ ఇవన్నీ?"

"చూశారనుకో."

నవ్వు తగ్గించాడు. "మనిషికి ఏదన్నా జరిగి కోర్టుకెక్కితేనేనండీ. ప్లీడరెవరన్నా పురిటాసుపత్రి పుస్తకం తీయించాడంటే, పద్దెనిమిది నిండని పిల్లకి లైసెన్సే చెల్లదంటారు. కంపెనీ చేతులు దులుపుకుంటుంది. అప్పుడిక మీ పేరున ఏముంటే దాని మీద పడతారు."

నా పేరున ఉన్నది జి. కొండూరు వైపు రెండెకరాల రసాల తోట. మా నాన్న ఇచ్చింది. ఏటా దాని మీద వచ్చే కౌలుతోనే అమ్మాయి చదువు.

గడిలో 18 అని రాసి సంతకం పెట్టాను.

జులై 22, 25, 29. మూడుసార్లూ నేను వెనక సీట్లో కూర్చుని రోడ్డు మీది మనుషుల్నే చూస్తూ వెళ్ళాను. బాపులపాడు దగ్గర గేదెల్ని తోలుకెళ్ళే ముసలాయన అడ్డం వస్తే, ఆయన దాటేవరకు ముందు సీటు పట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి బాగానే నడిపేది. ముందు సీట్లోంచి మావారు "గేరు మార్చు, గేరు మార్చు" అంటే, "నువ్వు ఊరుకుంటే అదే మారుతుంది నాన్నా" అనేది. 29న ఆయన కుడిచెయ్యి మొదటిసారి గడ్డం దాకా లేచింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆయన ఆ చేతిని ఎత్తుతూ దించుతూ ఉన్నారు.

ఆగస్టు 1, శుక్రవారం. ఆ వారం కూడా కూలి డ్రైవరును రావద్దన్నాం. ఉదయం ఎనిమిదీ ఇరవైకి హనుమాన్ జంక్షన్‌లో, ఆగి ఉన్న లారీ చాటు నుంచి పాల క్యాన్ల సైకిలు ఒక్కసారిగా ముందుకు వచ్చింది. అమ్మాయి బ్రేకు వేసింది. బంపరు క్యానుకు తగిలి మనిషి పక్కకు పడిపోయాడు. పాలు రోడ్డంతా పారాయి. జనం మూగారు.

"ఎవరు నడిపింది? ఈ పిల్లా? ఎన్నేళ్ళమ్మా నీకు?"

అమ్మాయి నా వంక చూసింది.

"పద్దెనిమిది" అన్నాను నేను.

పాలాయన లేచి నిలబడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. "వయసుతో నాకేం పనండీ, నా పాల సంగతి చెప్పండి" అన్నాడు. జనం నవ్వారు. ముప్పై రూపాయలిచ్చాను. ఆయన ఎంచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు వైద్యం చేయించుకునే వచ్చాం. ఇంటికి రాగానే కారు తాళం నా బీరువాలో పెట్టి, "డిసెంబరు పన్నెండు దాకా నువ్వు కారు తియ్యకూడదు" అన్నాను.

అమ్మాయి ముఖం ఎర్రబడింది. "నీకు కావాలంటే పద్దెనిమిది, వద్దంటే పదిహేడా అమ్మా? నాకు ఐదేళ్ళు నిండాయని ఆనాడు నేను చెప్పానా?"

"నువ్వు చెప్పలేదు. నేనే రాశాను."

"మరి నాన్న చెయ్యి?"

మంచం మీంచి మావారు అన్నారు: "తోట పోతే పోయిందిలే అందామంటే తోట నాది కాదు. చెయ్యి నాది. అది ఆగుతుందిలే, ఉండనీ."

అలా అన్నందుకు ఆయన మీద కోపం వచ్చింది. తాళం ఇవ్వమని గట్టిగా అడిగి ఉంటే ఇచ్చేదాన్ని.

శుక్రవారాలు మళ్ళీ కూలి డ్రైవరునే పిలిచాం. అతను నాలుగు శుక్రవారాలు రాలేదు. మంగళవారాలకు ఎవరూ దొరకలేదు. వెళ్ళని రోజుల్లో నూనె రాసి నేనే లెక్కపెట్టి చెయ్యి ఆడించాను. నా చేతికి ఆ నేర్పు లేదు. సెప్టెంబరు దాటేసరికి ఆయన చెయ్యి ఎత్తమన్నప్పుడల్లా కిటికీ వైపు తిరిగేవారు.

డిసెంబరు 12 శుక్రవారమే అయింది. పొద్దున్నే బీరువా తీసి తాళం అమ్మాయికిచ్చాను. తీసుకుని కారు నడిపింది. విజయవాడలో డాక్టరు చెయ్యి ఎత్తమన్నారు. ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. రెండోసారి ఎత్తమన్నారు. అక్కడే ఆగింది. తప్పిన రోజులు తప్పకపోయి ఉంటే ఇంకా వచ్చేదా అని అడిగాను. "చెప్పలేమమ్మా" అన్నారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికారు. అన్నం ఎడంచేత్తో చెంచాతో తిన్నారు.

ఆగస్టు 5 నుంచి డిసెంబరు 9 వరకు వైద్యం రోజులు ముప్పై ఏడు. వెళ్ళినవి పద్నాలుగు. పోయినవి: మంగళవారాలు పంతొమ్మిది, శుక్రవారాలు నాలుగు, మొత్తం ఇరవై మూడు. పాలకు ముప్పై రూపాయలు. అమ్మాయి నాతో మాట్లాడని రోజులు తొమ్మిది. మావారి కుడిచెయ్యి, ఛాతీ దగ్గర నుంచి నోటి దాకా, జానెడు.