బావ నాటిన పచ్చపూల తీగ

పురసవాక్కంలోని మా పెరట్లో, ఉతికిన నీళ్ళు పారే చోట, పచ్చపూల గుంటగలగర దానంతటదే మొలిచేది. నేలను కరుచుకుని, చొక్కా గుండీ అంత పసుపు పూలు పూసేది. ఎవరూ దాన్ని నాటింది లేదు, మెచ్చుకున్నదీ లేదు. అమ్మకు మాత్రం అది పంటే. ఇంట్లో కాన్పు ఉందంటే ఆ ఆకు పసరులో తెల్లగుడ్డ నానబెట్టి, ఆరబెట్టి, వత్తి చేసి ఆముదంలో వెలిగించేది. పైన బోర్లించిన ఇత్తడి పళ్ళేనికి పట్టిన మసే బిడ్డకు కాటుక. నా కళ్ళకూ అదే పెట్టిందట. కళ్ళు బాగానే ఉన్నాయి; నేను బడి మధ్యలో మానేసిన తప్పు ఆ కాటుకది కాదు.

ఎనభైల మొదట్లో అక్క తొలి కాన్పుకు వచ్చింది. బావ కోడంబాక్కంలో సినిమా సెట్లకు తోటలు వేసేవాడు. పొద్దున ఉత్త మట్టి, సాయంత్రానికి రాజుగారి ఉద్యానవనం! ఒకరోజు సెట్టు విప్పాక మిగిలిన తీగను గోనెసంచిలో తెచ్చాడు.

"అత్తా, మీ ఆకుకు ఇది అక్క. పువ్వు చూడండి, ఎంత పెద్దదో!" అంటూ తనే వంగి నాటాడు.

ఆ అక్క ఊరికే ఉంటేనా? కణుపు నేలకు తగిలిన చోటల్లా వేరు వేసింది. వానలయ్యేసరికి మా పాత మొక్క దాని కింద ఎక్కడుందో కూడా తెలియలేదు. మా అక్కకు నెలలు నిండుతున్నాయి. అమ్మ కొత్త ఆకు నలిపి, వాసన చూసి, పారేసింది.

"తెలీని ఆకు పసిబిడ్డ కంట్లో పెట్టేదెట్టరా?"

"పీకేస్తా ఉండు."

"చెయ్యి పెట్టినావంటే చూడు! మాప్పిళ్ళ నాటింది. పీకితే ఆయన ఏమనుకుంటాడు?"

మాప్పిళ్ళను, అంటే అల్లుణ్ణి, అత్త ఒక్క మాట అనకూడదు. బావమరిది ఎన్నైనా అనొచ్చు. బావ వచ్చేదాకా ఆగాను.

"బావా, నీ తీగకు అచ్చం నీ గుణమే."

"ఎట్టరా?"

"చుట్టపుచూపుగా వచ్చె. ఇప్పుడు ఇంటోళ్ళకే ఈడ చోటు లేదు."

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "నోరు ముయ్యరా" అని అమ్మ నన్ను కసిరింది గానీ, అక్కణ్ణుంచి కదల్లేదు. బావ నవ్వుతూనే అమ్మ ముఖం చూసి, నవ్వు ఆపాడు.

"అత్తా, మీ ఆకు యాడ?"

అమ్మ తీగ వైపు చూసింది.

బావ లుంగీ ఎగ్గట్టాడు. ఆ పక్క ఆయన, ఈ పక్క నేను పట్టి లాగాం. తీగంతా చాపలా చుట్టుకుంటూ లేచింది. ఉతికే బండ అంచున, ఎండ తగలక పాలిపోయిన కొమ్మలు కొన్ని కనిపించాయి. అమ్మ కూర్చుని వేళ్ళతో మట్టి జరిపింది.

"ఉండాదిరా," అంది మెల్లగా.

పీకింది నేల మీద వేస్తే మళ్ళీ పాకుతుందని మిద్దె మీద ఎండేశాం. కొన్నాళ్ళకు మా పాత మొక్క కొమ్మలు కోలుకుని చిగురు వేశాయి. వత్తికి సరిపడా పసరు మాత్రమే వచ్చింది. మేనకోడలి కళ్ళకు అది చాలింది.

తర్వాత ఎప్పుడొచ్చినా బావ బిడ్డను ఎత్తుకునే ముందు పెరట్లోకి పోయేవాడు. బండ చుట్టూ వంగి వెతికి, తన తీగ మొలక మెరుస్తూ కనిపిస్తే వేరుతో సహా లాగేవాడు. అమ్మ చెంబుతో ఆయన చేతులకు నీళ్ళు పోసేది. ఆ నీళ్ళు పారేది గుంటగలగరకే.